పులుసు తినే ఇంటికి స్టోన్‌వేర్ డిన్నర్ సెట్: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొత్త ఫ్లాట్‌లోకి మారుతున్నారు. ఇన్‌స్టాగ్రామ్‌లో మ్యాట్ (మెరుపు లేని) బూడిద రంగు హ్యాండ్‌మేడ్ స్టోన్‌వేర్ సెట్ ఒకటి తెగ నచ్చింది. 18 పీసులు, ధర ముప్పై వేలకు కాస్త అటూ ఇటూ. అమ్మగారేమో "వాటిలో పులుసు పోస్తే రంగు దిగుతుంది, హాయిగా స్టీలు కంచాలు ఉండగా ఇదేం పిచ్చి" అంటున్నారు. అంత డబ్బు పెట్టొచ్చా, ఆరోగ్యానికి ఏమైనా ఇబ్బందా, టేబుల్ మీదకి ఇంకేం కొంటే బాగుంటుంది అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ సెట్ మొత్తంగా కొనకండి. రోజూ తినే కంచాలు మంచి ఫ్యాక్టరీ సరుకు తీసుకోండి. మిగిలిన డబ్బు వడ్డించే గిన్నెలకీ, కాఫీ కప్పులకీ, ఒక మంచినీళ్ల జగ్గుకీ పెట్టండి. చేత్తో చేసిన వస్తువు అందం తెలిసేది చేతిలోకి తీసుకున్నప్పుడు. కంచం మీద అన్నం, పప్పు పడ్డాక కింద గ్లేజ్, అంటే పైనుండే గాజు పూత, ఎవరికీ కనిపించదు. పైగా ఇంట్లో ఎక్కువ రాపిడి పడేదీ, ముందుగా పగిలేదీ కంచమే.

నేను కొన్నేళ్లు పుదుచ్చేరి దగ్గర ఒక స్టూడియోలో కుమ్మరి సారె మీద పనిచేశాను. తర్వాత హైదరాబాద్‌లో హోటళ్లకీ ఇళ్లకీ టేబుల్‌వేర్ ఎంపిక చేసే పనిలోకి వచ్చాను. చేసేవాళ్ల కష్టమూ తెలుసు, కొన్నాక ఫోన్ చేసి గొడవపడే కస్టమర్ల కోపమూ తెలుసు.

అమ్మగారి భయంలో సగం నిజం ఉంది. లేబుల్ మీద "సిరామిక్" అని ఉందంటే అది ఏమీ చెప్పనట్టే లెక్క. టెర్రకోట, ఎర్తెన్‌వేర్ అనేవి 1000 నుంచి 1150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలతాయి. లోపలి మట్టి నీళ్లు పీలుస్తూనే ఉంటుంది, పైన గ్లేజ్ ఒక్కటే కాపలా. స్టోన్‌వేర్ 1200 నుంచి 1300 మధ్య కాలుతుంది. ఆ వేడికి మట్టిలోని ఫెల్‌స్పార్ అనే ఖనిజం కరిగి, మిగతా రేణువుల మధ్య ఖాళీలు పూడ్చేసి, వస్తువు దాదాపు రాయిలా గట్టిపడుతుంది. పోర్సలిన్‌లో కెయొలిన్ అనే తెల్లటి మట్టి ఎక్కువ. పల్చటి అంచు వెనక సెల్‌ఫోన్ టార్చ్ పెడితే వెలుతురు ఇవతలికి కనిపిస్తుంది. బోన్ చైనా ఇంగ్లండ్‌లోని స్టోక్ ఆన్ ట్రెంట్‌లో 18వ శతాబ్దం చివర జోసయా స్పోడ్ చేతిలో ఒక కొలిక్కి వచ్చిన సరుకు. పల్చగా ఉన్నా గట్టిది. దాని మట్టిలో సగానికి దగ్గరగా కాల్చిన పశువుల ఎముకల బూడిద ఉంటుంది. మడి, శాకాహార నియమం గట్టిగా పాటించే ఇళ్లలో కూడా ఈ సంగతి తెలియక కొనేస్తుంటారు. మీకు పట్టింపు ఉంటే ముందే తెలుసుకోవడం మేలు.

మీరు చూసిన సెట్ నిజంగా స్టోన్‌వేరేనా అన్నది ఫొటో చూసి చెప్పలేం. చేతికి వస్తే మాత్రం నిమిషంలో తేలుతుంది. కంచాన్ని బోర్లించండి. అడుగున గ్లేజ్ లేని రింగు ఒకటి ఉంటుంది, బట్టీలో అది కింది పలకకు అతుక్కోకుండా గ్లేజ్ తుడిచేస్తారు. ఆ రింగు మీద ఒక నీటి చుక్క వేయండి. చుక్క అలాగే గుండ్రంగా నిలబడితే మట్టి బాగా కాలినట్టు. రెండు మూడు నిమిషాల్లో ఇంకి, అక్కడ ముదురు మచ్చ పడితే ఎంత ఖరీదు పెట్టి కొన్నా అది పీల్చే సరుకే. తర్వాత రింగు మీద బొటనవేలు తిప్పండి. గరుగ్గా గీసుకుంటే మీ డైనింగ్ టేబుల్ వార్నిష్‌ని కూడా గీస్తుంది. మంచి స్టూడియోలో దాన్ని రాయితో రుద్ది నున్నగా చేసి పంపుతారు. చివరగా కంచాన్ని వేళ్ల కొసల మీద నిలబెట్టి గోటితో అంచు కొట్టండి. ఖంగుమంటే సరే. డబ్ అంటే ఎక్కడో కంటికి కనపడని బీట ఉంది, లేదా సరిగా కాలలేదు.

ఇక గ్లేజ్. మీ డబ్బు నిలిచేదీ పోయేదీ ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

గ్లేజ్ అంటే మట్టి మీద కరిగి అతుక్కున్న గాజు పొర. సిలికా, అల్యూమినా, వాటిని కరిగించే ఫ్లక్స్, రంగుకి ఇనుము, కోబాల్ట్, రాగి లాంటి లోహాల ఆక్సైడ్లు. బాగా కరిగి మెరిసే గ్లేజ్‌తో పెద్ద టెన్షన్ ఉండదు. చిక్కంతా ఇప్పుడు ఫ్యాషన్‌లో ఉన్న మ్యాట్‌తోనే. మ్యాట్ రెండు రకాలుగా వస్తుంది. గ్లేజ్ పూర్తిగా కరిగి, బట్టీ మెల్లగా చల్లారేటప్పుడు పైన సన్నటి స్ఫటికాలు ఏర్పడి మెరుపు తగ్గడం ఒకటి. ఇది మంచి మ్యాట్, ముట్టుకుంటే పట్టులాగ జారుతుంది. వేడి చాలక గ్లేజ్ సగమే కరిగి గరుకుగా మిగిలిపోవడం రెండోది. ఫొటోలో రెండూ ఒకేలా ఉంటాయి. రెండోదానిలో లోహాలు గాజులో గట్టిగా బంధించబడి ఉండవు. పులుపు తగిలితే కొంచెం కొంచెంగా బయటికొస్తాయి. "రంగు దిగుతుంది" అని అమ్మగారు అన్నది సరిగ్గా ఇదే.

సీసం, కాడ్మియం విడుదలను ల్యాబ్‌లో ఎలా పరీక్షిస్తారో తెలిస్తే ఇంకా స్పష్టత వస్తుంది. ఐఎస్ఓ 6486 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పాత్రలో 4 శాతం ఎసిటిక్ యాసిడ్ పోసి 24 గంటలు ఉంచి, ఆ ద్రవంలోకి ఎంత లోహం దిగిందో కొలుస్తారు. దాదాపు వంటింటి వెనిగర్ అంత పులుపు. మన చింతపండులో ఉండేది టార్టారిక్ యాసిడ్, నిమ్మకాయలో సిట్రిక్. కంచంలో పులుసు అరగంట కూడా ఉండదు కాబట్టి పరీక్ష పాసైన కంచంలో నిక్షేపంగా తినొచ్చు. అందుకని అమ్మేవాళ్లని "ఫుడ్ సేఫా?" అని అడగకండి, అందరూ అవుననే అంటారు. "లెడ్, కాడ్మియం లీచింగ్ టెస్ట్ రిపోర్టు ఉందా? ఈ గ్లేజ్‌కేనా, వేరే గ్లేజ్‌కా?" అని అడగండి. ఒక రంగుకి చేయించిన రిపోర్టు చూపించి పది రంగులు అమ్మేవాళ్లు ఉన్నారు. తినే వైపున మెరిసిపోయే ఎరుపు, నారింజ, పసుపు ఉంటే రిపోర్టు లేకుండా ముట్టుకోవద్దు. ఆ రంగులకు కాడ్మియం వాడకం ఎక్కువ. గ్లేజ్ పైన అతికించిన పూల బొమ్మలు, బంగారు గీతలు ఉన్న పాత కప్పులు కూడా అలమారలో అందానికే ఉంచుకోవడం మంచిది.

ఇంట్లో చేయదగ్గ పరీక్ష ఒకటి ఉంది. కంచంలో ఒక మూల నిమ్మచెక్క బోర్లించి రాత్రంతా వదిలేయండి. తెల్లారి కడిగి ఆరాక, వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. నిమ్మచెక్క ఉన్నచోట రంగు వెలిసినా, మెరుపు మారినా ఆ గ్లేజ్ నిలకడైనది కాదు. మచ్చ పడలేదంటే సీసం లేదని మాత్రం అర్థం కాదు, అది ల్యాబ్‌లోనే తేలాలి. అదే కంచంలో ఇంకో మూల నూనెలో కలిపిన పసుపు రాసి, గంటాగి సబ్బుతో కడగండి. పసుపు చార పోకపోతే ఆ గరుకు మ్యాట్ మన వంటకు పనికిరాదు. ఇప్పటికే ఇంట్లో అలాంటివి ఉంటే పారేయక్కర్లేదు. తడిపి మధ్యాహ్నం ఎండలో పెట్టండి, వెలుతురుకు పసుపు రంగు చాలావరకు విరిగిపోతుంది.

మ్యాట్‌తో వచ్చే ఇంకో గొడవ స్పూన్ గీతలు. పెన్సిల్‌తో గీసినట్టు బూడిద రంగు చారలు పడతాయి. చాలామంది గ్లేజ్ గీసుకుపోయిందని కంగారుపడతారు. నిజానికి జరిగేది తిరగబడి ఉంటుంది. గ్లేజ్ గట్టిది, గరుకుది కాబట్టి స్టీలు స్పూన్నే అరగదీసి ఆ లోహాన్ని పైన పట్టుకుంటుంది. తడి బట్ట మీద వంటసోడా వేసి రుద్దితే చాలావరకు వదులుతాయి, మళ్లీ వస్తాయి. చేత్తో తినే ఇళ్లలో ఇది తక్కువ. బోరు నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో ముదురు రంగు మ్యాట్ మీద తెల్లటి ఉప్పు పొర కూడా కడుతుంది. మీరు చూసిన బూడిద రంగు మీద అది బాగా తెలుస్తుంది. కడిగిన వెంటనే పొడిగుడ్డతో తుడిచే ఓపిక మీకుందా? పనమ్మాయి స్టీలు పీచుతో తోముతుందా? ఈ రెండు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకుని అప్పుడు మ్యాట్ జోలికి వెళ్లండి.

కొత్త కప్పులో సాలెగూడులాంటి సన్నటి నెర్రెలు కనిపిస్తే, చల్లారేటప్పుడు మట్టి కంటే గ్లేజ్ ఎక్కువ కుంచించుకుపోయిందని అర్థం. చైనా, జపాన్ సంప్రదాయాల్లో వీటిని కావాలనే తెప్పిస్తారు, పూలకుండీ మీద చూడముచ్చటగా ఉంటాయి. తినే కంచం లోపల మాత్రం వద్దు. వాటిలోకి నూనె, పసుపు దిగి నల్లబడతాయి, వస్తువు బలమూ తగ్గుతుంది.

ఆకారం గురించి ఎవరూ చెప్పరు గానీ, మన తిండికి అదే ముఖ్యం. షోరూముల్లో దొరికే చాలా డిన్నర్ ప్లేట్లు పదిన్నర అంగుళాలు, వెడల్పాటి చదును అంచు, మధ్యలో కొంచెం పల్లం. కత్తి, ఫోర్కుతో తినేవాళ్ల కోసం చేసినవి. అందులో పప్పుచారు పోసి అన్నం కలపండి చూద్దాం, నాలుగో ముద్దకి చారు అంచు దాటి టేబుల్ మీదికి వస్తుంది. మనకు కావాల్సింది అంచు నిటారుగా ఒక అంగుళం దాకా లేచిన కూప్ ప్లేటు, తొమ్మిదిన్నర నుంచి పది అంగుళాలు, అడుగు చదునుగా. అన్నాన్ని గోడకు నొక్కి కలుపుకోవడానికి వీలుగా ఉండాలి. బరువూ చూడండి. సోఫాలో కూర్చుని కంచం చేత్తో పట్టుకుని టీవీ చూస్తూ తినే అలవాటుంటే, కిలోకి దగ్గరగా తూగే స్టూడియో కంచం వారంలో అలమార ఎక్కుతుంది. పచ్చడి, కూర విడిగా వేసుకునే చిన్న గిన్నెలు లోపలి అడుగు గుండ్రంగా ఉన్నవి తీసుకోండి. మూలలు ఉంటే వేలికి అందదు, తోమేవాళ్లకీ అందదు.

హ్యాండ్‌మేడ్‌కి అంత ధర ఎందుకంటారా? మట్టి ఆరి కాలేసరికి దాదాపు 12 శాతం కుంచించుకుపోతుంది. అంటే పది అంగుళాల కంచం కావాలంటే పచ్చి మీద పదకొండు అంగుళాల పైచిలుకు తిప్పాలి. అంత వెడల్పు చదును వస్తువు ఆరేటప్పుడే అంచులు లేస్తాయి. దాన్ని బోర్లించి అడుగు చెక్కి, సుమారు వెయ్యి డిగ్రీల దగ్గర ఒకసారి కాల్చి, గ్లేజ్ ముంచి, మళ్లీ 1200 పైన కాలుస్తారు. కప్పులైతే ఒక పలక మీద బోలెడు పడతాయి, కంచం ఒక్కటే చాలా చోటు తినేస్తుంది. వంగినవి, బొబ్బలు వచ్చినవి పక్కన పెట్టాక మిగిలినవాటి మీదే ఖర్చంతా రాబట్టాలి. అందుకే ఏ స్టూడియోలో చూసినా కంచాల ధర కప్పులతో పోలిస్తే గుండె గుభేల్‌మనిపిస్తుంది. అది మోసం కాదు. కాకపోతే ఆ ధరకి తగ్గ ఫలితం మీకు కంచంలో దక్కదు.

పైగా "హ్యాండ్‌మేడ్" అని అమ్ముతున్న వాటిలో చాలావరకు అచ్చు మీద మిషన్‌తో తిప్పినవి, గ్లేజ్ మాత్రం చేత్తో ముంచినవి. నాకు దాంతో పేచీ లేదు, ధర కూడా దానికి తగ్గట్టే ఉంటే. గుర్తుపట్టాలంటే ఆరు కప్పులు వరసగా పెట్టండి. గ్లేజ్ జారిన చార అన్నిటిమీదా ఒకేచోట, ఒకే పొడవులో ఉండి, పిడి అతికిన చోట అచ్చు గీత కనిపిస్తే అది ఫ్యాక్టరీ పని. సారె మీద తిప్పిన కప్పు లోపల వేలు పెడితే కింది నుంచి పైకి మెట్లలాగ సన్నటి వలయాలు తగులుతాయి.

మన దేశంలో ఈ సరుకు ఎక్కడిదో కూడా తెలుసుకుంటే బేరం తేలికవుతుంది. ఉత్తరప్రదేశ్ బులంద్‌శహర్ జిల్లాలోని ఖుర్జా ఫ్యాక్టరీ సిరామిక్స్‌కి పెద్ద కేంద్రం, జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. ఆన్‌లైన్‌లో అందమైన పేర్లతో కనిపించే బ్రాండ్లలో చాలావాటి సరుకు అక్కడే తయారవుతుంది. అదే రకం కంచం బ్రాండ్ పేరు లేకుండా సగం ధరకే దొరకొచ్చు. శిల్పారామం, ఎగ్జిబిషన్ మైదానాల్లో పెట్టే ఖుర్జా స్టాళ్లకి వెళ్లేటప్పుడు ఒక నీళ్ల సీసా తీసుకెళ్లండి, పైన చెప్పిన చుక్క పరీక్ష అక్కడే చేయొచ్చు. ఎవరూ ఏమీ అనరు.

స్టూడియో పని కావాలంటే పుదుచ్చేరి, ఆరోవిల్ వైపు చూడాలి. 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అక్కడ గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ మొదలుపెట్టారు. వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లు చుట్టుపక్కల సొంత బట్టీలు పెట్టుకున్నారు. ఈ రోజు దక్షిణాదిలో మంచి స్టోన్‌వేర్ చేసేవాళ్లలో ఆ పరంపర బలంగా కనిపిస్తుంది. సెలవులకు అటు వెళ్తే కారు డిక్కీ ఖాళీగా ఉంచుకోండి. చాలా స్టూడియోల్లో చిన్న లోపమున్న సెకండ్స్ ఒక బల్ల మీద తక్కువ ధరకు పెడతారు. గ్లేజ్ రంగు తేడా వచ్చినవి నిశ్చింతగా తీసుకోవచ్చు, నెర్రెలున్నవి వద్దు.

జైపూర్ బ్లూ పాటరీ గురించి ఒక హెచ్చరిక. దాంట్లో మామూలు కుమ్మరి మట్టి వాడరు. క్వార్ట్జ్ పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, జిగురు కలిపి అచ్చుల్లో నొక్కి తక్కువ వేడి దగ్గర కాలుస్తారు. ఆ నీలం నాకు చాలా ఇష్టం. తలుపు గుబ్బలకీ, గోడ పలకలకీ, పూలకుండీ తొడుగుకీ అద్భుతం. భోజనానికి మాత్రం కాదు.

సెట్‌గానే కొనాలనే పట్టుదల దేనికో నాకు అర్థం కాదు. ఫిన్లండ్‌లో కాయ్ ఫ్రాంక్ అనే డిజైనర్ 1950ల మొదట్లోనే ఈ డిన్నర్ సెట్ అలవాటును బద్దలుకొట్టాడు. 1953లో అరేబియా కంపెనీ ద్వారా అతని కిల్టా వరస వచ్చింది. బొమ్మలు లేని, ఒకదానిలో ఒకటి ఇమిడే విడి వస్తువులు, నచ్చినన్ని నచ్చిన రంగుల్లో కొనుక్కోవడం. తర్వాత 1981 నుంచి టీమా పేరుతో అదే ఆలోచన కొనసాగింది, ఇప్పటికీ అమ్ముడవుతోంది. మీ 18 పీసుల్లో రెండు కంచాలు పగిలితే అదే గ్లేజ్ మళ్లీ దొరుకుతుందా అని అడగండి. చిన్న స్టూడియోలో ఒక బట్టీకి ఇంకో బట్టీకి రంగు మారుతుంది. తెలుపు లేదా పాలమీగడ రంగు ఫ్యాక్టరీ కంచమైతే పగిలినప్పుడల్లా ఒకటి తెచ్చుకోవచ్చు, మధ్యలో పెట్టే గిన్నెలు ఏ రంగువైనా దాని పక్కన ఇముడుతాయి.

నేనైతే నలుగురున్న ఇంటికి ఇలా చేస్తాను. తెల్లటి కూప్ కంచాలు ఎనిమిది, అవే రకం చిన్న గిన్నెలు పన్నెండు. తర్వాత స్టూడియో నుంచి వడ్డించే గిన్నెలు మూడు: పప్పుకి లోతుది, కూరకి వెడల్పుది, పెరుగుకి లోపల నున్నటి గ్లేజ్ ఉన్నది. జగ్గు ఒకటి. కప్పులు ఆరూ ఒకే రకం కాకుండా, ఇంట్లో ఒక్కొక్కరు పట్టుకుని చూసి ఎంచుకున్నవి. ఇదంతా మీ ముప్పై వేలలో పట్టి ఇంకా మిగలాలి. ఆ మిగిలినదాంతో టేబుల్ మధ్యలో పొడవుగా పరిచే పోచంపల్లి ఇక్కత్ రన్నర్ ఒకటి, ఏటికొప్పాక లక్క డబ్బాలు రెండు తీసుకోండి. అంకుడు కర్ర మీద సహజ రంగుల లక్క పూసినవి, బూడిద రంగు, తెలుపు పక్కన ఆ పసుపు, ఎరుపు భలే కుదురుతాయి. లక్క వేడికి కరుగుతుంది కాబట్టి పొడి సరుకులకే, వేడి గిన్నె పక్కన వద్దు. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి చెంబులో పూలు పెడితే ఇంకే అలంకరణా అక్కర్లేదు. కళాయి లేని ఇత్తడిలో మాత్రం పెరుగు, పులుసు పోయకండి, కిలుం పడుతుంది.

ఆవకాయ సంగతి మీరు అడగలేదు గానీ అమ్మగారు అడుగుతారు. కొత్త డిజైనర్ జాడీల్లో ఊరగాయ నిల్వ చేయొద్దు. కంచంలో అరగంట వేరు, ఉప్పు, పులుపు, నూనె కలిసి ఏడాది నానడం వేరు. గ్లేజ్‌లో ఎక్కడ చిన్న లోపమున్నా ఉప్పు నీరు మట్టిలోకి దిగి, కొన్నాళ్లకి జాడీ బయటివైపు తెల్లగా ఉప్పు పూస్తుంది. పైన గోధుమ రంగు, కింద తెలుపు ఉన్న పాత జాడీ అమ్మగారి దగ్గరుంటే అదే తెచ్చుకోండి. అంచు పెచ్చు లేవకుండా ఉండి, బయట ఉప్పు పూయకపోతే ఇంకో తరానికి వస్తుంది. టేబుల్ మీద పెట్టడానికి దాన్ని మించిన స్టైల్ కూడా నాకు కనపడదు.

మైక్రోవేవ్ విషయం: ఖాళీ కంచం పక్కన గ్లాసుడు నీళ్లు పెట్టి ఒక నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి కంచం చల్లగా ఉంటే పర్వాలేదు. కంచమే కాలుతుంటే అది తేమ పీల్చిందన్నా అనుకోవాలి, గ్లేజ్‌లో లోహం ఎక్కువుందన్నా అనుకోవాలి. బంగారు గీత ఉన్నవి అసలు పెట్టొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెలో మరిగే సాంబారు పోయడం, స్టోన్‌వేర్‌ని గ్యాస్ మంట మీద పెట్టడం చేయొద్దు, టప్‌మని చీలుతుంది. పగిలినవాటిని బంగారు గీతలతో అతికే కింట్సుగి కిట్లు ఆన్‌లైన్‌లో వస్తున్నాయి. వాటిలో చాలావరకు జపాన్ లక్క ఉండదు, ఎపాక్సీ జిగురు ఉంటుంది. అతికినదాన్ని షోకేసులో పెట్టుకోండి, అందులో తినకండి.

ఇంత చెప్పినా ఆ బూడిద రంగు సెట్ మీదే మనసుంటే, ముందు ఒక కంచం, ఒక గిన్నె విడిగా అమ్ముతారేమో అడిగి తెప్పించుకోండి. ఏ ఉష్ణోగ్రత దగ్గర కాల్చారో, లీచింగ్ రిపోర్టు ఏ గ్లేజ్‌దో, పగిలితే విడి పీసు ఇస్తారో లేదో కూడా మెసేజ్‌లో అడగండి. వాళ్లు పంపిన జవాబు, కంచం అడుగు ఫొటో ఇక్కడ పెడితే చూసి చెప్తాను.